బందరు డాక్టరు గారి ఆరు సంస్థలు

1923లో కొత్త బ్యాంకు పెట్టాలంటే గుండె దిటవు కావాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే అలయన్స్ బ్యాంక్ ఆఫ్ సిమ్లా చెల్లింపులు ఆపేసింది. అంతకు పదేళ్ల ముందు లాహోరులో పీపుల్స్ బ్యాంకు, బొంబాయిలో ఇండియన్ స్పీసీ బ్యాంకు మునిగాయి. తెలుగువాళ్లకు ఇంకా దగ్గరగా తగిలిన దెబ్బ 1906 నాటిది: మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీస్తే జీవితకాలం కూడబెట్టిన సొమ్ము పోగొట్టుకున్న కుటుంబాలు ఎన్నో. బ్యాంకు అనే మాట వినగానే జనం అనుమానంగా చూసే రోజులవి. అలాంటప్పుడు, ఓడల రాక పలచబడిపోయిన రేవు పట్నంలో, కాంగ్రెసు పనుల్లో తలమునకలై ఉన్న ఒక డాక్టరు బ్యాంకు రిజిస్టరు చేయించారు. నవంబరు 20న రిజిస్ట్రేషన్, 28న వ్యాపారం మొదలు. అధీకృత మూలధనం 10 లక్షలు, చేతికి వచ్చింది లక్ష. పేరు ఆంధ్రా బ్యాంకు.

ఆ డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య. 1880 నవంబరు 24న గుండుగొలనులో, లేమిలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి బందరులో (మచిలీపట్నంలో) ప్రాక్టీసు పెట్టారు. సుమారు పదేళ్లకు దాన్ని వదిలి ప్రజాజీవితంలోకి దిగారు. 1939లో సుభాష్ చంద్రబోసు చేతిలో కాంగ్రెసు అధ్యక్ష పదవికి ఓడిన మనిషిగా, 1948లో ఆ పదవి దక్కించుకున్న మనిషిగా, కాంగ్రెసు చరిత్ర రాసిన మనిషిగా ఆయన అందరికీ తెలుసు. ఇరవై ఏళ్లలో ఆరు ఆర్థిక సంస్థలకు పునాది వేసిన వ్యాపార బుర్రగా ఆయనను తలుచుకునేవారు తక్కువ. కంపెనీలు నడిపేవాళ్లు చదవాల్సింది ఆ రెండో జీవితాన్నే.

బందరుకు వ్యాపారం కొత్త కాదు. 1605లో డచ్చివాళ్లు, 1611లో గ్లోబు ఓడ మీద ఇంగ్లీషువాళ్లు వచ్చారు. గోల్కొండ రాజ్యానికి సముద్రం మీద తెరిచిన తలుపు ఇదే. ఇరాను నుంచి వచ్చి, ఈ రేవుకు హవల్దారై, సొంత ఓడలు తిప్పి, చివరికి మొగలాయిల వజీరుగా ఎదిగిన మీర్ జుమ్లా కథ ఒక్కటే పుస్తకమంత ఉంటుంది. కానీ ఆ వ్యాపారం నిలవలేదు. తీరంలో లోతు చాలక ఓడలు మైళ్ల దూరంలో లంగరు వేయాల్సి వచ్చేది. కలంకారీ అద్దకాలను మాంచెస్టరు మిల్లు గుడ్డ వెనక్కి నెట్టింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన సుమారు ముప్పై వేల ప్రాణాలు తీసుకుంది.

సముద్రం మీది డబ్బు పోయాక, పొలాల్లోంచి డబ్బు వచ్చింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారేసరికి గుడివాడ, పామర్రు, దివి ప్రాంతాలు వరి మాగాణిగా మారాయి. 1908లో బెజవాడ నుంచి బందరుకు రైలు వచ్చింది. ధాన్యం కదిలింది, ధాన్యంతోపాటు రొక్కం కూడా. ఆ రొక్కానికి మాత్రం సరైన ఇల్లు లేదు. ఏరువాక నాటికి రైతు దగ్గర చిల్లిగవ్వ ఉండదు; నారుమడికీ ఊడ్పులకూ షావుకారు దగ్గరకు వెళ్లి ప్రాంసరీ నోటు రాయాలి, లేదా నాగుకు ధాన్యం తెచ్చుకుని కోతలు కాగానే బస్తాకు బస్తాన్నర కొలవాలి. కుప్పనూర్పిళ్లు అయ్యాక అదే ఊళ్లో కలిగిన ఆసామి దగ్గర డబ్బు మూలుగుతుంది. సరిగ్గా అప్పుడే ధాన్యం కొనడానికి మిల్లువాడికి డబ్బు కావాలి. ఒకే తాలూకాలో మిగులూ కొరతా పక్కపక్కనే ఉన్నా మధ్యలో నమ్మదగిన మనిషి లేడు. పట్టాభి కనిపెట్టిన మార్కెటు అదే. కొత్త సరుకు ఏదీ ఆయన తయారు చేయలేదు.

ఆయన మొదలుపెట్టిన వరస గమనించాలి. 1912 సహకార సంఘాల చట్టం జిల్లా స్థాయి సహకార బ్యాంకులకు దారి తెరిచింది. 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు వచ్చింది. గ్రామ సంఘాలకు అది పంట రుణాలిస్తుంది; పంట చేతికి రాగానే తిరిగి వచ్చే చిన్న అప్పులవి. వర్తకుడికీ మిల్లుకూ ఆ సంస్థ సరిపోదు, వాళ్లకోసం 1923లో ఆంధ్రా బ్యాంకు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ. బీమా ప్రీమియం ఏళ్ల తరబడి కంపెనీ దగ్గరే ఉండే సొమ్ము, రేపు వచ్చి అడిగే డిపాజిటు లాంటిది కాదు. పాత బాకీలు తీర్చి భూమి విడిపించుకోవాలనే రైతుకు ఏడాదిలో తీరే అప్పు పనికిరాదు, దీర్ఘకాలపు అప్పు కావాలి. దానికి గుడివాడ వైపు పల్లె వడ్లమన్నాడులో 1927లో భూమి తనఖా బ్యాంకు. 1929లో భారతలక్ష్మీ బ్యాంకు, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్.

ఇందులో అసలు తెలివి ఒకటుంది. ఆర్నెల్లలో తిరిగి అడిగే డిపాజిటు తెచ్చి పదేళ్ల అప్పుగా ఇవ్వడం బ్యాంకుల్ని ముంచే తప్పుల్లో పాతది. బందరులో ఒక్కో కాలపరిమితి అప్పుకు ఒక్కో సంస్థ, ఒక్కో రకం సొమ్ము. నేటి పెద్ద గ్రూపు అయితే ఇవన్నీ ఒకే గొడుగు కిందికి తెచ్చి, మీద హోల్డింగు కంపెనీ పెట్టి, అందరికీ ఒకే లోగో అంటించేది. ఇక్కడ ఒకటి దెబ్బతిన్నా మిగతావి నిలబడేలా విడివిడిగా ఉంచారు. అయితే అదే ఊళ్లో ఆరేళ్ల తేడాతో రెండో వాణిజ్య బ్యాంకు ఎందుకు అన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. చివరికి 1964లో భారతలక్ష్మి ఆంధ్రా బ్యాంకులోనే కలిసింది.

పేరు సంగతి కూడా చెప్పుకోవాలి. 1923లో ఆంధ్ర రాష్ట్రం లేదు. అది వచ్చింది 1953 అక్టోబరు 1న. ఆంధ్రోద్యమం మాత్రం ఉంది, 1913 బాపట్ల మహాసభ నుంచీ ఊపందుకుంటూ. పటంలో లేని దేశం పేరును బోర్డు మీద రాయడం గట్టి వ్యాపార నిర్ణయం. బందరు బ్యాంకనో కృష్ణా బ్యాంకనో అని ఉంటే ఆ జిల్లా దాటడం కష్టమయ్యేది. గంజాం నుంచి చిత్తూరు దాకా తెలుగు చదవగలిగిన ప్రతివాడికీ అది మనది అనిపించే పేరు. బ్యాంకు తెరిచిన నెల రోజులకే కాకినాడలో అఖిల భారత కాంగ్రెసు మహాసభలు జరిగాయి. అంతకన్నా ఉత్సాహకరమైన వేళ ఆ పేరుకు దొరకదు.

పేరొక్కటే వాటా డబ్బు తెచ్చిపెట్టదు. బందరులో అప్పటికే రెండు ఆస్తులు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి 1902లో పుట్టిన కృష్ణా పత్రిక. 1907 నుంచి ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో అది తెలుగు పల్లెల్లో గట్టిగా చెల్లుబాటయ్యే గొంతు. రెండోది 1910లో కోపల్లె హనుమంతరావు ముందుండి నడిపిన ఆంధ్ర జాతీయ కళాశాల. కోపల్లె, ముట్నూరి, పట్టాభి ముగ్గురూ కలిసి ఆ కళాశాల కోసం ఊరూరా చందాలు అడిగినవాళ్లు. చందా అడిగి, దాన్ని తినకుండా కాలేజీ నిలబెట్టిన చేతులకు వాటా డబ్బు ఇవ్వడానికి జనం అంతగా వెనుకాడరు. అర్బత్‌నాట్ దెబ్బ తర్వాత మార్కెట్లో కరువైంది ఆ నమ్మకమే. బందరులో అది పదమూడేళ్ల ముందు నుంచే పోగవుతూ ఉంది.

పశ్చిమ తీరంలో దాదాపు ఇదే సమయంలో ఇలాంటి పనే జరిగింది. 1925లో ఉడుపిలో టి.ఎం.ఎ. పాయి అనే ఇంకో డాక్టరు, ఇద్దరు సహచరులతో కలిసి తర్వాత సిండికేట్ బ్యాంకుగా మారిన సంస్థను మొదలుపెట్టారు. 1928 నుంచి వాళ్ల ఏజెంట్లు ఇంటింటికీ తిరిగి రోజుకు రెండణాలు వసూలు చేసే పిగ్మీ డిపాజిటు తెచ్చారు. పాయి పద్ధతి కింద నుంచి పైకి. పట్టాభి పద్ధతి చదువుకున్న మధ్యతరగతినీ భూమి ఉన్న రైతునూ పట్టుకుని నడిచింది. తెలుగు డెల్టాలో రెండణాల మనిషిని వెతుక్కుంటూ వెళ్లింది చాలా కాలం దాకా చీటీపాటే గాని బ్యాంకు కాదు.

ఇక పరీక్ష. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. బందరు తీరాన చట్టం ధిక్కరించి పట్టాభి జైలుకు వెళ్లారు. 1932లో మళ్లీ. 1942 ఆగస్టులో బొంబాయిలో అరెస్టై, నెహ్రూ, పటేలు, మౌలానా ఆజాద్‌లతో అహ్మద్‌నగర్ కోటలో మూడేళ్లకు దగ్గరగా ఉన్నారు. ప్రభుత్వానికి కంటగింపైన వ్యవస్థాపకుడు, బయట యుద్ధకాలం, అయినా బ్యాంకు నడిచింది. ఆయన బల్ల దగ్గర కూర్చుని లెడ్జర్లు దిద్దే యజమాని అయి ఉంటే మొదటి అరెస్టుకే పరుగు పరుగున డిపాజిట్లు వెనక్కి తీసేవారు. వారసుల ప్రణాళికంటూ ఈ రోజుల్లో బోర్డులు కన్సల్టెంట్లకు డబ్బు పోస్తున్న వ్యవహారాన్ని బందరులో జైలు నిర్బంధంగా నేర్పింది.

ఊరికి ఆ గాలి సోకింది కూడా. 1926లో ఇక్కడే ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ పుట్టి బడులకూ కళాశాలలకూ ప్రయోగశాల పరికరాలు తయారుచేసింది. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది, ఇప్పుడు రాత్రి చూపు పరికరాలు తయారయ్యే చోటది. ఉయ్యూరు చక్కెర మిల్లు 1941లో ఐసీఎస్ అధికారి వెలగపూడి రామకృష్ణ నెలకొల్పిన కేసీపీ చేతికి వచ్చింది. గుడివాడ దగ్గరి పెదపారుపూడి రైతు కుటుంబంలో పుట్టిన చెరుకూరి రామోజీరావు 1962లో మార్గదర్శి చిట్‌ఫండ్‌తో మొదలుపెట్టి, 1974 ఆగస్టు 10న ఈనాడును విశాఖపట్నంలో ప్రారంభించారు. బెజవాడలో అచ్చైన పత్రికలు ఆలస్యంగా చేరే ఊరు చూసి అక్కడ అడుగుపెట్టడమంటే, కాలవ నీరు అందని పొలం ఎక్కడుందో చూసే డెల్టా రైతు కన్నే.

పొగడ్త ఇక్కడ ఆపాలి. ఈ సంస్థల్లో దేనికైనా రావాలంటే భూమి కాగితమో, నెల జీతమో, వర్తకపు సరుకో ఉండాలి. దివిసీమలో చల్లపల్లి జమీందారీ కింద దున్నుకునే కౌలుదారుకు తనఖా పెట్టడానికి తనదంటూ ఏముంది? భూమి తనఖా బ్యాంకు పక్క తాలూకాలోనే ఉన్నా అతను నాగు ధాన్యం దగ్గరే మిగిలాడు. ఆ అసంతృప్తి బ్యాంకుల్లోకి కాక కౌలు పోరాటాల్లోకి వెళ్లింది. చల్లపల్లి పక్కన మంగళాపురంలో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు తర్వాత దేశ కమ్యూనిస్టు పార్టీకే ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1951-52లో రిజర్వు బ్యాంకు జరిపించిన గ్రామీణ రుణ సర్వే దేశమంతటి లెక్క చెప్పింది: రైతుల అప్పుల్లో సహకార సంస్థల వాటా 3.1 శాతం, వాణిజ్య బ్యాంకులది 0.9 శాతం. మిగతా దాంట్లో సింహభాగం వడ్డీ వ్యాపారిదే. నలభై ఏళ్ల ఉద్యమం తర్వాత ఇదీ పరిస్థితి.

ఆ తర్వాత ఒక్కొక్కటీ పట్నం దాటాయి. 1956లో జీవిత బీమా జాతీయమైంది. సెప్టెంబరు 1న ఎల్ఐసీ పుట్టినప్పుడు అందులో కలిసిన 245 సంస్థలతోపాటు బందరు బీమా వ్యాపారమూ వెళ్లింది. నేటికీ ఎల్ఐసీకి మచిలీపట్నంలో డివిజను కార్యాలయం ఉంది. ఆంధ్రా బ్యాంకు ప్రధాన కార్యాలయం హైదరాబాదుకు మారింది. డిపాజిట్లు 200 కోట్లు దాటిన ఆరు బ్యాంకుల్లో ఒకటిగా 1980 ఏప్రిల్ 15న అది ప్రభుత్వానిదైంది. మరుసటి ఏడాదే క్రెడిట్ కార్డు తెచ్చి దేశంలో ఆ దారి తొక్కిన తొలి బ్యాంకుల్లో నిలిచింది. 2020 ఏప్రిల్ 1న, లాక్‌డౌన్‌లో వీధులన్నీ మూసి ఉన్నప్పుడు, యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఉడుపి డాక్టరు పెట్టిన సిండికేట్ కూడా అదే రోజు కెనరాలో కలిసింది. రెండు తీరాల బ్యాంకుల బోర్డులు ఒకే ఉత్తర్వుల వరసలో దిగాయి. ఉద్యోగులూ ఖాతాదారులూ అభ్యంతరాలు చెప్పారు, పేరు నిలబెట్టమని కోరారు. నిలవలేదు.

పట్టాభి 1959 డిసెంబరు 17న చనిపోయారు కాబట్టి బ్యాంకు జాతీయీకరణనూ విలీనాన్నీ ఆయన చూడలేదు. ఆరింటిలో ఇప్పటికీ జిల్లా పేరుతో, మచిలీపట్నంలోనే ప్రధాన కార్యాలయంతో పనిచేస్తున్నది 1915 నాటి సహకార కేంద్ర బ్యాంకు. దానికి వాటాదారులు గ్రామ సంఘాలు, అప్పు తీసుకునేదీ వాళ్లే. దాన్ని కొనగలిగినవాడు లేడు, ఎత్తుకుపోవాల్సిన అవసరమూ ఎవరికీ కలగలేదు. పాలకవర్గం కుర్చీల కోసం రాజకీయ పార్టీల పెనుగులాట మాత్రం ఆగలేదు. గుడివాడ వైపు సంఘాల్లో ఇప్పటికీ ఖరీఫుకు ముందు పంట రుణం కోసం పాసుపుస్తకం పట్టుకుని రైతులు వరసలో నిలబడుతున్నారు. కౌలు రైతు గుర్తింపు కార్డు ఉన్నా అప్పు పుట్టడం లేదన్న ఫిర్యాదూ ఆ వరసలోనే వినిపిస్తుంది.