సోలెడు ఉప్పు ఎన్ని గ్రాములు?

మా అమ్మమ్మ ఆవకాయ మొత్తం అమ్మ నోటుబుక్కులో ఒక్క ముక్కలో ఉంది: సోలెడు కారం, సోలెడు ఉప్పు, సోలెడు ఆవపిండి. కొత్తగా కాపురం పెట్టిన ఊళ్ళో నా దగ్గర సోల లేదు. కొట్లో అన్నీ తూకమే కదా అని మూడూ అరకిలో చొప్పున తెచ్చి కలిపాను. రెండు నెలలు తిరక్కుండానే జాడీలో బూజు. "ఈ పిల్లది హస్తవాసి మంచిది కాదు" అన్నారు అత్తగారు. చాలా ఏళ్ళు నేనూ అదే నమ్మాను.

అమ్మ పోయాక ఆమె సోల నాకొచ్చింది. మొన్న దానితో మూడూ కొలిచి, ఒక్కొక్కటీ తూచాను. కారం 120 గ్రాములు, ఆవపిండి 110, మెత్తటి ఉప్పు 290. కొలతలో సమానమైనవి తూకంలో సమానం కావు. నేను వేసిన కారానికి అమ్మమ్మ కిలో పైనే ఉప్పు వేసేది. నేను అందులో సగం కూడా వెయ్యలేదు. తప్పు చేతిది కాదు, లెక్కది.

ఈ లెక్క ఎవరూ ఎందుకు చెప్పలేదు? నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఇవి వంటింటి కొలతలు. తులం, పలం, వీశె కొట్టువి. త్రాసు షావుకారు చేతిలో ఉండేది, సోల ఆడవాళ్ళ చేతిలో. బెల్లం, చింతపండు వీశెల్లో ఇంటికొచ్చి గిద్దల్లో, గుప్పెళ్ళలో కూరలోకి వెళ్ళేవి. మధ్యలో జరిగిన మార్పిడి అంతా ఆడవాళ్ళ బుర్రల్లోనే.

1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి విడతలుగా అమలు చేశారు. అది అవసరమే. మద్రాసు సేరు 24 తులాలైతే బెంగాలు సేరు 80 తులాలు, పేరొక్కటే. 120 తులాల వీశె 1.4 కిలోలైంది. తూకాన్ని తూకంలోకి మార్చడానికి ఒక్క అంకె చాలు. సోలని గ్రాముల్లోకి మార్చడానికి ఒక్క అంకె చాలదు. ఉప్పుకొకటి, కారానికొకటి, మినప్పప్పుకి ఇంకొకటి. కళ్ళుప్పు దంచితే మళ్ళీ మారుతుంది. ఆ పట్టిక కాగితం మీద లేకపోయినా ప్రతి ఇంట్లోనూ ఉండేది. ఎక్కడా రాయలేదు కాబట్టి దాన్ని జ్ఞానం అనలేదు, హస్తవాసి అన్నారు. కుదిరితే మెచ్చుకోలు, కుదరకపోతే ఆడదాని చేతికి నింద.

ఇలాంటి కొలతే అమెరికాలో అచ్చులోకెక్కింది. 1896లో ఫానీ ఫార్మర్ తన బోస్టన్ వంట పాఠశాల పుస్తకంలో కప్పునీ చెంచానీ అంచుకి సమంగా గీసి కొలవాలని పట్టుబట్టింది. అక్కడి ఇళ్ళలో ఇప్పటికీ కప్పు కొలతే ఎక్కువ. అంటే, కొలిచి వండటం వెనకబాటేమీ కాదు. రాసిపెట్టిన కొలతకి గౌరవం దొరికింది, అంతే తేడా.

మా అమ్మాయి దగ్గర త్రాసు ఉంది, సోల లేదు. అందుకే అమ్మ నోటుబుక్కులో ఆ మూడు సోలల పక్కన మూడు అంకెలు రాశాను. ఉప్పు ఎదురుగా "మెత్తగా దంచినది" అని కూడా రాశాను.