సరకుపై ముద్ర: వాణిజ్యచిహ్నముల పూర్వచరిత్ర

తయారుచేసినవాడును కొనువాడును ఒకే వీథిలో కాపురముండిన కాలమున సరకుపై గుర్తుతో పనిలేకుండెను. కుండ కారినచో కుమ్మరి యింటికే పోయి యడుగవచ్చును; చీర రంగు వెలిసినచో నేతగాని మగ్గము ముందే నిలువవచ్చును. సరకు ఊరు దాటి, ఏరు దాటి, సముద్రమును దాటి, దానిని చేసినవాని ముఖ మెన్నడును చూడనివాని చేతికి పోవుట మొదలిడిన పిమ్మటనే ముద్ర యావశ్యకమైనది. ఈనాడు మనము ట్రేడ్‌మార్కు అని పిలుచుకొను వాణిజ్యచిహ్నముయొక్క చరిత్రము ప్రధానముగా ఈ దూరముయొక్క చరిత్రమే. దూరము పెరిగినకొలది చిహ్నమునకు విలువ పెరిగినది. దానిని కాపాడు శాసనములును పెరిగినవి.

సింధులోయ నాగరికతకు చెందిన రాతిముద్రలు మెసపొటేమియా త్రవ్వకములలో దొరకుటచే, వేల యేండ్ల నాడే మన వర్తకుల గుర్తులు సముద్రమును దాటెనని తెలియుచున్నది. కౌటిల్యుని అర్థశాస్త్రమున శుల్కాధ్యక్షుని విధులను చెప్పు భాగమున, ముద్ర లేని సరకును తెచ్చిన వర్తకుడు చెల్లింపవలసిన దానికి రెండింతలును, కూటముద్ర వేసినవాడు శుల్కమునకు ఎనిమిదింతలును దండముగా నిచ్చుకొనవలయునని విధింపబడినది. మోసపుముద్రను శిక్షింపవలయునన్న భావము మనకు ఇంత ప్రాచీనమైనను, ఆ ముద్ర కాపాడినది రాజుగారి సుంకమునే కాని, కొనువాని నమ్మకమును గాని, చేసినవాని పేరును గాని కాదు. ఈ రెండింటిని కాపాడు శాసనము వచ్చుటకు ఇంకను బహుశతాబ్దములు పట్టినది.

1611లో ఆంగ్లేయ వర్తకులు మచిలీపట్టణమున కొటారు నెలకొల్పిన తరువాత, తెలుగు నేతగాండ్రును అద్దకపుపనివారును సిద్ధముచేసిన వస్త్రములు బేళ్లుగా కట్టబడి ఓడలెక్కినవి. ఈస్టిండియా కంపెనీవారు తమ బేళ్లపై హృదయాకారమున తమ పేరిటి అక్షరములను, దానిపై నాలుగు అంకెను పోలిన గీతను ముద్రించుచుండిరి. అద్దకమువాని పేరు మాత్రము ఆ గుడ్డతో ప్రయాణము చేయలేదు. లండనులో కొన్నవారికి తెలిసినది కంపెనీ గుర్తే. రెండు శతాబ్దములు గడచి, మాంచెస్టరు మరగుడ్డలు మన బజారులను ముంచెత్తిన కాలమున, ఆ వ్యాపారులు తానులపై దేవతలను, ఏనుగులను, పులులను చిత్రించిన రంగురంగుల కాగితములను అంటించి పంపసాగిరి. చదువురాని కొనుగోలుదారుడు బొమ్మను చూచి సరకును గుర్తించెను. ఏనుగు మార్కా, గుఱ్ఱపు మార్కా అని అడిగి కొనుట మన అంగళ్లలో అలవాటైనది. అందుచే ఆ బొమ్మను దొంగిలించుటయు లాభసాటి వృత్తి యయ్యెను.

ఇంగ్లండులో 1875 నాటి చట్టముచే చిహ్నములకు పట్టిక యేర్పడగా, 1876 జనవరి 1న బాస్ అను బీరు కంపెనీవారి ఎఱ్ఱత్రికోణము మొట్టమొదట నమోదైనది. మన దేశమున మాత్రము 1860 నాటి శిక్షాస్మృతియు, 1889 నాటి వాణిజ్యసరకుల చిహ్నముల చట్టమును దొంగముద్ర వేసినవానిని దండించుటతో సరిపెట్టుకొనెను. నిజమైన యజమానుని పేరు వ్రాసియుంచు పుస్తకము లేకుండెను. యజమానులు 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము క్రింద ఈ గుర్తు తమదని ప్రకటనపత్రము దాఖలుచేసి, పత్రికలలో హెచ్చరికలు వేయించి ఊరకుండవలసివచ్చెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించినదియు, దాని రాబడి యండతో 1908లో ఆంధ్రపత్రికను వెలయించినదియు ఇట్టి రోజులలోనే. తలనొప్పికి ఆ పేరే చెప్పి అడుగు లక్షల జనుల విశ్వాసము, చిహ్నముల పట్టిక పుట్టుటకు నలువదేండ్లకు పైగా ముందే, ఆ పేరునకు కోటగోడయై నిలిచినది. చట్టము తరువాత వచ్చి రాసిపెట్టినది అట్టి విశ్వాసమునే.

1940లో ట్రేడ్‌మార్కుల చట్టము వెలువడి, బొంబాయి కేంద్రముగా రిజిస్ట్రీ యేర్పడినది. దాని స్థానమున వచ్చిన 1958 నాటి చట్టము నమోదును, దొంగముద్రల శిక్షను ఒకేచోట చేర్చినది. ఏ పేరు మరియొక పేరునకు మోసకరముగా సన్నిహితము అను ప్రశ్నను సుప్రీంకోర్టు 1962లో విచారించినది. అమృతధార అను మందు ప్రసిద్ధమైయుండగా, లక్ష్మణధార అను మందువారు నమోదుకై దరఖాస్తు చేసిరి. రెండు పేర్లను పండితునివలె పదచ్ఛేదము చేసి చూచినచో భేదము కనబడును. కాని అంగడికి వచ్చు సామాన్యుడు అసంపూర్ణమైన జ్ఞాపకముతో వచ్చును గనుక, అతని చెవికి మొత్తము పేరు ఎట్లు వినబడునన్నదే ప్రమాణమని న్యాయమూర్తులు తేల్చిరి. అయినను లక్ష్మణధార చిరకాలముగా బహిరంగముగా చెలామణిలో నుండుటచే, ఉత్తరప్రదేశమునకు పరిమితముగా దాని నమోదును అనుమతించిరి. సామాన్యుని జ్ఞాపకశక్తిని న్యాయమునకు కొలబద్దగా గ్రహించిన ఈ తీర్పు నా దృష్టిలో ఈ చరిత్రమునకు హృదయస్థానము.

1999 నాటి చట్టము 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోనికి వచ్చి, సరకులతోబాటు సేవలకును నమోదు కల్పించి, నమోదుయొక్క ఏడేండ్ల గడువును పదేండ్లకు పెంచినది. అప్పటికే వ్యాపారము ఇంటర్నెట్టులోనికి ప్రవేశించినది. హైదరాబాదు సత్యం సంస్థకు చెందిన సత్యం ఇన్ఫోవే, సిఫీ అను తన పేరునకై నడపిన వ్యాజ్యమున, 2004లో సుప్రీంకోర్టు, డొమైను పేరు కేవలము చిరునామా కాదనియు, వాణిజ్యచిహ్నమువలెనే రక్షణార్హమనియు నిర్ణయించినది.

ఈ పరంపరకు చివర నిలిచినవారు, ఇంటివద్ద ఆవకాయ పెట్టి ఫోనులో బేరము కుదుర్చుకొని అమెరికాకు పంపు ఇల్లాలు, పోచంపల్లి చీరలను ఫొటోల ద్వారా అమ్ముకొను యువకుడు. వీరికి అంగడి లేదు, బోర్డు లేదు, గల్లాపెట్టె ముందు కూర్చుండు పరిచితముఖము లేదు, ఉన్నది పేరొక్కటే. 2017 నాటి నియమావళి వ్యక్తులకును, చిన్న పరిశ్రమలకును ఆన్‌లైను దరఖాస్తు రుసుమును, సరకుల, సేవల తరగతి యొక్కింటికి, 4,500 రూపాయలుగా, ఇతరులు చెల్లించు 9,000 రూపాయలలో సగముగా నిర్ణయించుట వీరిని ఉద్దేశించియే. తెలుగు రాష్ట్రములవారి దరఖాస్తులు చెన్నై శాఖకు చెందును. పచ్చళ్లు 29వ తరగతిలోను, కారములు, మసాలాలు 30లోను, సిద్ధవస్త్రములు 25లోను, ఇతరుల సరకులను అమ్మిపెట్టు సేవ 35లోను చేరును. ముందుగా ఆ పేరు అన్యులదై యున్నదేమో రిజిస్ట్రీ పట్టికలో వెదకుకొనవలయును. ఆవకాయకు ఆవకాయ అనియే పేరుపెట్టినచో నమోదు కాదు. అందరి సొత్తును ఒక్కరికి కట్టబెట్టుటకు చట్ట మొప్పదు. పరీక్షలో నెగ్గిన చిహ్నము జర్నలులో ప్రకటింపబడిన పిమ్మట నాలుగు మాసములలోగా ఎవ్వరైనను ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ లేనిచో, ఉన్నను నిలువనిచో, నమోదగును. వలయములోని ఆర్ గుర్తును అంతకు ముందు వాడుట నేరము.

నమోదు చేయించుకొననివారికి హక్కు బొత్తిగా లేదనుట సరికాదు. ముందునుండి వాడుచున్నవాని హక్కును చట్టము మన్నించును. కాని ఆ వాడుకను బిల్లులతో, సాక్షులతో కోర్టులో రుజువు చేయుట ధనవంతునికే సులభము. బీదవర్తకునికి పట్టికలోని పేరే సాక్ష్యము. పూర్వము కంపెనీ గుర్తు మాటున తన పేరు కోల్పోయిన మచిలీపట్టణపు అద్దకమువానికి లేని సౌకర్యము నేడు అతని వారసులకు లభించినది. తన చేతిపని తన పేరుతోనే లోకమునకు పోవలయునని కోరు ప్రతి చిన్న వర్తకుడును, పేరు నలుగురి నోళ్లలో నానుటకు ముందే దానిని నమోదు చేయించుకొనవలయును; ఏలన, పేరు ప్రసిద్ధమైన పిమ్మట దానికై వచ్చువారిలో కొనువారే కాక, కాజేయువారును ఉందురు.