సిలేదారీ పద్ధతి

గుర్రం, జీను, కత్తి, దుస్తులు, మూటలు మోసే తట్టు గుర్రం అన్నీ సైనికుడే సమకూర్చుకుని కొలువులో చేరే ఏర్పాటును సిలేదారీ పద్ధతి అంటారు. ఇలా వచ్చిన రౌతు సిలేదారు. ప్రభుత్వం ఇచ్చిన గుర్రమెక్కి, ప్రభుత్వ లాయానికి లోబడి పనిచేసేవాడు బార్గీరు. మరాఠా సైన్యంలో స్థిరపడిన ఈ రెండు మాటలు ఈస్టిండియా కంపెనీ లెక్కల్లోకి, అక్కడి నుంచి బ్రిటిష్ ఇండియా సైన్యంలోకి చేరాయి. 1921లో రద్దయ్యేదాకా భారత అశ్విక దళంలో చాలా భాగం ఈ పద్ధతి మీదే నడిచింది.

సైనికుడి సామగ్రి ఖర్చు సైనికుడి మీదే వేయడం భారతదేశానికే పరిమితమైన విషయం కాదు. రోమన్ సిపాయి తిండిగింజల ఖరీదు, బట్టల ఖరీదు జీతంలోంచే కోసుకునేవారని ప్రాచీన చరిత్రకారుడు పొలీబియస్ రాశాడు. బట్టలు ఖజానా ఖర్చుతోనే ఇవ్వాలని క్రీ.పూ. 123లో గయస్ గ్రాకస్ చట్టం తెచ్చాడు గానీ అది నిలిచినట్టు లేదు. క్రీ.శ. 14లో పన్నోనియాలో తిరగబడిన సైనికుల ఫిర్యాదును రోమన్ చరిత్రకారుడు టాసిటస్ నమోదు చేశాడు. రోజుకు పది ఆస్‌ల (చిల్లర నాణేల) కూలి, అందులోంచే బట్టలు, ఆయుధాలు, గుడారాలు, పైగా శతాధిపతికి లంచం అని వాళ్ల గోడు. భారతదేశంలో ఈ భారం కోతగా కాక, కొలువులో చేరడానికి అర్హతగా మారింది. సొంత గుర్రం ఉంటేనే ఉద్యోగం.

ఢిల్లీ నుంచి విజయనగరం దాకా

సైనికుడే గుర్రాన్ని పోషించుకోవాలంటే అతని జీతానికీ బజారు ధరకూ పొత్తు కుదరాలి. ఈ సంగతిని నిర్మొహమాటంగా పట్టుకున్నవాడు అల్లావుద్దీన్ ఖిల్జీ. చరిత్రకారుడు బరనీ చెప్పిన ప్రకారం అతని రౌతుకు ఏడాదికి 234 టంకాలు, రెండో గుర్రం తెస్తే మరో 78 టంకాలు. ఆ జీతంతో పెద్ద సైన్యాన్ని నిలపాలంటే ధరలు దిగాలి. అందుకే ధాన్యానికి, బట్టకు కట్టినట్టే గుర్రాలకూ ధర కట్టాడు. మొదటి రకం 100 నుంచి 120 టంకాలు, రెండోది 80 నుంచి 90, మూడోది 65 నుంచి 70, తట్టు గుర్రం 10 నుంచి 25. గుర్రపు దళారులను కఠినంగా అణచాడు. పాఠ్యపుస్తకాల్లో మార్కెట్ సంస్కరణలుగా కనిపించేవి నిజానికి సైనిక బడ్జెట్‌లో భాగం. జీతం పెంచకుండా సైనికుడి ఖర్చు తగ్గించాడు, ఆ నష్టం వర్తకుడి మీదా రైతు మీదా పడింది.

సొంత గుర్రం అనగానే మోసమూ వెంటే వస్తుంది. తనిఖీ రోజున మేలుజాతి గుర్రాన్ని చూపించి మర్నాడు నాటు తట్టు మీద రావడం, ఒకే గుర్రాన్ని ఇద్దరి పేర చూపించడం మామూలైపోయాయి. దానికి విరుగుడుగా ఖిల్జీ గుర్రానికి వాత వేయించాడు, మనిషి ఆనవాళ్లు రాయించాడు. తర్వాత అక్బరు 1570లలో దాగు, చెహరా పేర్లతో ఈ రెండింటినీ మళ్లీ తెచ్చాడు. రౌతులను పోషించే మొగలు అధికారులైన మన్సబుదారులకు ఇది గిట్టలేదు.

విజయనగర రాజులు ఇదే సమస్యను ఖజానాకు లాభం వచ్చేలా తిప్పుకున్నారు. 1530లలో అక్కడున్న పోర్చుగీసు గుర్రపు వర్తకుడు న్యూనిజ్ రాతల్లో ఈ వివరాలున్నాయి. రాజు ఏటా హోర్ముజ్ గుర్రాలు, నాటు గుర్రాలు కలిపి 13,000 కొంటాడు. మేలైనవి తన లాయానికి ఉంచుకుని మిగతావి, భూమి పుచ్చుకుని సైన్యాన్ని పోషించే అమరనాయకులకు అంటగడతాడు. నాటు గుర్రాలు వెయ్యి వరహాలకు 12 నుంచి 15 దొరుకుతాయి. నాయకులకు మాత్రం వెయ్యికి ఐదే. ఆ బాకీ సెప్టెంబరులోగా తీర్చాలి. అలా వచ్చిన సొమ్ముతోనే పోర్చుగీసుల దగ్గర అరబ్బీ గుర్రాలు కొంటాడు కాబట్టి ఖజానా నుంచి పైసా కదలదు. ఇక రాజు తానుగా ఇచ్చిన గుర్రాలకు రాచముద్ర ఉండేది. అవి చస్తే ముద్ర ఉన్న తోలుముక్క కోసి అశ్వాధ్యక్షుడికి చూపిస్తేనే ఇంకో గుర్రం. న్యూనిజ్ వర్తకుడు కాబట్టి ధరల విషయంలో అతని కన్ను చురుకైనదే. అంకెలు కాస్త అటూఇటూ అయినా లెక్క తిరిగిన తీరు నమ్మదగ్గది. నాయకుడు ఆ నష్టాన్ని ఎవరి దగ్గర రాబట్టుకున్నాడో ఆయన రాయలేదు. నాయకుడి భూమి అయిన అమరమాగాణిలో దున్నే రైతు తప్ప ఇంకెవరుంటారు?

మరాఠాల సిలేదార్లు

శివాజీ బార్గీర్లనే ఎక్కువ నమ్మాడు. ప్రభుత్వ గుర్రాల మీద ఉండే దళంలో 25 మంది బార్గీర్లకు ఒక హవల్దారు, ఆ 25 గుర్రాలకు ఒక నాళాలు కొట్టేవాడు, ఒక నీళ్లవాడు ఉండేవారు. సిలేదార్లను చేర్చుకున్నా వాళ్లను అశ్విక దళాధిపతి అయిన సర్నోబతు అదుపులోనే ఉంచాడు. గుర్రం ఎవరిదైతే మాట వాడిదే చెల్లుతుందని ఆయనకు తెలుసు. ఆయన తరవాత ఖజానా బలహీనపడి యుద్ధాలు ఉత్తరానికి విస్తరించడంతో సిలేదార్ల పాలు పెరిగింది. జీతం బకాయిపడితే వాళ్లు దోపిడీలో రాబట్టుకునేవాళ్లు.

ఈ పద్ధతిలోని అసలు లోపం మొగలు సైన్యంలోనే బయటపడింది. పోరులో గుర్రం చస్తే రౌతుకు పెట్టుబడీ పోయేది, కొలువూ పోయేది. కాబట్టి శత్రువు మీదికి దూకే ముందు అతను ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాడు. మొగలు సైన్యంపై 1903లో పుస్తకం రాసిన విలియం ఇర్విన్ దీన్ని గట్టిగానే ఎత్తిచూపాడు. దీన్ని పిరికితనం అనడం అన్యాయం. కాడెద్దును వరదలోకి దింపమంటే రైతు వెనకాడడూ? ఇదీ అంతే.

కంపెనీ కొలువులో

కంపెనీకి రెండు రకాల అశ్విక దళాలుండేవి. రెగ్యులర్ దళంలో గుర్రం, మేత, దుస్తులు కంపెనీవి. రౌతుకు నెలకు 9 రూపాయలు. పదాతి సిపాయికి 7 రూపాయలు. ఇర్రెగ్యులర్ దళంలో సవారుకు 20 రూపాయలు, కాని అన్ని ఖర్చులూ అతనివే. సింధియా కొలువు వదిలి వచ్చిన రౌతులతో 1803లో జేమ్స్ స్కిన్నర్ కట్టిన పసుపు అంగీల దళం ఈ రెండో కోవదే. సింధులో కంపెనీ అధికారి జాన్ జాకబ్ తన రౌతులకు 30 రూపాయలు ఇప్పించుకుని, తెల్ల అధికారులు కొద్దిమంది చాలునని, సొంత ఆస్తి ఉన్న సైనికుడికి పరువూ బాధ్యతా ఎక్కువని జీవితాంతం వాదించాడు. 1857లో బెంగాలు రెగ్యులర్ అశ్విక దళాలు దాదాపు అన్నీ తిరగబడటమో, ఆయుధాలు కోల్పోవడమో జరిగింది. తర్వాత జరిగిన పునర్వ్యవస్థీకరణలో బెంగాలు అశ్విక దళమంతా సిలేదారీ అయింది, బొంబాయి కూడా ఆ దారే పట్టింది. జాకబ్ వాదన నెగ్గడానికి పరువు కన్నా పొదుపే ఎక్కువ కారణం అనిపిస్తుంది. తిరుగుబాటు ఖర్చుతో ఖజానా అప్పుల్లో ఉంది మరి.

మద్రాసు మాత్రం మారలేదు. 1914 నాటి 39 అశ్విక రెజిమెంట్లలో సిలేదారీ కానివి మూడే. 26, 27, 28వ లైట్ కావల్రీలు. మూడూ పాత మద్రాసు సైన్యానివే.

అసామీ, చందా

సవారు ఉద్యోగానికి కట్టే ధరావతుకు అసామీ అని పేరు. మొదట్లో అసామీ అంటే గుర్రంతో సహా ఆ ఉద్యోగ స్థానమే. దాన్ని కొనవచ్చు, అమ్మవచ్చు, వారసులకు విడిచిపెట్టవచ్చు. డబ్బున్న రిసాల్దారు (దేశీయ అశ్విక దళాధికారి) పది, పదిహేను అసామీలు కొని వాటి మీద పరాయి గుర్రమెక్కే బార్గీర్లను పెట్టి, వాళ్ల జీతంలో భాగం పుచ్చుకునేవాడు. సొంత గుర్రంతో వచ్చినవాణ్ణి ఖుద్ అస్పా అనేవారు. 1857 తర్వాత ఈ అసామీల వ్యాపారాన్ని క్రమంగా కట్టడి చేసి, సవారు ఎవరి అసామీ వారే కట్టుకోవాలన్నారు.

పందొమ్మిదో శతాబ్దం చివరికి కొత్తవాడు గుర్రం తోలుకుని రావడం తగ్గింది. నగదు కట్టేవాడు, రెజిమెంటే గుర్రం కొని ఇచ్చేది. మొత్తం డబ్బు లేకపోతే రెజిమెంటు అప్పు ఇచ్చి నెలనెలా కోసుకునేది. వదిలి వెళ్లేటప్పుడు అసామీ తిరిగి వచ్చేది. అందుకే సిలేదారీ రెజిమెంట్లలో సొంత పొలమున్న రైతు కుటుంబాల బిడ్డలు ఎక్కువ. పొలం తాకట్టు పెట్టి కొడుకును పంపినవాళ్లూ ఉన్నారు. ఆ రోజుల్లో సైన్యాధికారులు యుద్ధజాతులంటూ చెప్పిన సిద్ధాంతం వెనక ఈ ఆస్తి అర్హత కూడా పనిచేసింది. పేదవాడికి, ఎంత ధైర్యవంతుడైనా, ఈ దళాల్లో చోటు కష్టమే.

గుర్రం చస్తే దిక్కేమిటన్న పాత ప్రశ్నకు చందా నిధి జవాబు. ప్రతి సవారూ నెలకు కొంత ఇందులో వేసేవాడు. జబ్బుతోనో ప్రమాదంలోనో గుర్రం పోతే ఇందులోంచి కొత్తది కొనేవారు. పోరులో చచ్చిన గుర్రానికి ప్రభుత్వం పరిహారమిచ్చేది. ఇద్దరు సవార్లు కలిసి ఒక తట్టు గుర్రాన్ని, గడ్డి కోసుకొచ్చే మనిషిని పోషించేవారు. తుపాకి, తూటాలు మాత్రం ప్రభుత్వానివి. 1857 తర్వాత మంచి తుపాకులను సైనికుల సొంత ఆస్తిగా ఉంచే ధైర్యం దొరలకు ఎక్కడిది!

అలా రెజిమెంటు ఒక సహకార సంఘంలా తయారైంది. కమాండెంటు దాని కార్యదర్శి. జీనులు, బూట్లు, తలపాగా గుడ్డ టోకున కొనడం, గుర్రాల పెంపకం, లెక్కలు చూసుకోవడం అన్నీ అక్కడే. ప్రోబిన్స్ హార్స్ రెజిమెంటుకు పంజాబు కాలువ భూముల్లో ప్రోబినాబాద్ అనే సొంత గుర్రాల క్షేత్రం ఉండేది. ప్రతి రెజిమెంటు దుస్తుల రంగు, జీను తీరు వేరు. కవాతులో చూడ్డానికి కనులపండుగే. ఆ వైవిధ్యమే తర్వాత కొంప ముంచింది.

హైదరాబాదు సంగతి

నిజాము రాజ్యంలో పాయిగా అమీర్లకు జాగీర్లు ఇచ్చింది రౌతులను పోషించడానికే. పాయిగా అంటేనే గుర్రాల శాల. తరాలు గడిచేసరికి రౌతుల లెక్క వెనకపడి జాగీరు ఆదాయం ముందుకొచ్చింది. 1884లో ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టడం మొదలెట్టిన వికారుల్ ఉమ్రా ఆ కుటుంబాలవాడే.

రెండో కథ హైదరాబాదు కంటింజెంటుది. కంపెనీ రెసిడెంటు హెన్రీ రసెల్ 1812 ప్రాంతంలో మొదలుపెట్టిన దళాలు పెరిగి, బొల్లారం కేంద్రంగా పెద్ద సైన్యమయ్యాయి. దాని అశ్విక దళం సిలేదారీ. గుర్రం సవారుది, జీతం నిజాముది, ఆజ్ఞ కంపెనీ అధికారిది. జీతాలకు డబ్బు చాలక దివాన్ చందూలాల్ విలియం పామర్ కంపెనీ అనే ప్రైవేటు వ్యాపార సంస్థ దగ్గర అప్పులు చేశాడు. తర్వాత కంటింజెంటు జీతాల బాకీలు పేరుకుని చివరికి 1853లో నిజాము బీరారు ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. సవార్లే గుర్రాలు తెచ్చుకున్న సైన్యం ఒక రాష్ట్రాన్నే మింగిందన్నమాట. 1903లో కంటింజెంటు రద్దయి, దాని అశ్విక దళాలు 20వ డెక్కన్ హార్స్, 29వ లాన్సర్స్, 30వ లాన్సర్స్ పేర్లతో ఇండియా సైన్యంలో కలిశాయి.

1914 దెబ్బ

సిలేదారీ పద్ధతి సరిహద్దు పోరాటాలకు, కొన్ని నెలల దండయాత్రలకు సరిపోయింది. 1878 నుంచి 1880 దాకా సాగిన అఫ్గాన్ యుద్ధంలో జంతువులు పెద్ద సంఖ్యలో చనిపోయినప్పుడే దాని బలహీనత కనిపించినా ఎవరూ పట్టించుకోలేదు. 1914లో రెజిమెంట్లు ఫ్రాన్సుకు, తర్వాత మెసొపొటేమియాకు వెళ్లాక ఆ బలహీనత దాగని పరిస్థితి వచ్చింది. ఇంటి దగ్గర మిగిలిన డిపోనే కొత్త మనుషులను, గుర్రాలను, జీనులను వెతకాలి. యుద్ధంతో ధరలు ఎగిశాయి. కొత్తగా చేరేవాడికి అసామీ కట్టే స్తోమతు లేదు. ఒక రెజిమెంటులో చచ్చినవారి స్థానంలో మరో రెజిమెంటు మనుషులను పంపితే వాళ్ల సామాను ఒకదానితో ఒకటి పొసగదు. రెండు తరాలు శ్రద్ధగా కూడబెట్టిన చందా నిధులు ఇంత పెద్ద యుద్ధానికి ఏ మూలకు? పోషణ భారాన్ని ఒక్కొక్కటిగా ప్రభుత్వమే నెత్తికెత్తుకుంది.

1916 జులై 14న సోమ్ యుద్ధంలో, హైవుడ్ దగ్గర పంటచేలో బల్లేలతో దూసుకెళ్లిన దళాల్లో 20వ డెక్కన్ హార్స్ ఒకటి. సొంత గుర్రమైతే సైనికుడు వెనకాడతాడన్న పాత అభిప్రాయానికి ఇది మంచి జవాబే. అయితే అప్పటికి ఆ గుర్రం నష్టం సవారు ఒక్కడిదే కాదన్న సంగతీ మరవకూడదు.

1921లో పద్ధతిని రద్దు చేశారు. 39 రెజిమెంట్లు 21 అయ్యాయి. 20వ, 29వ దళాలు కలిసి నేటి డెక్కన్ హార్స్‌కు మూలమయ్యాయి. మద్రాసు 26వ లైట్ కావల్రీ, పాత నిజాము దళమైన 30వ లాన్సర్స్ ఒకటయ్యాయి. అంటే జీవితంలో జీను కొననివాళ్లూ, అసామీ కట్టినవాళ్లూ ఒకే లాయంలోకి వచ్చారు.

తర్వాతి కాలంలో

పద్ధతి పోయినా జేబు ఖర్చు పూర్తిగా పోలేదు. భారత సైన్యంలో ఏడో వేతన సంఘం తర్వాత, 2017 జులై నుంచి, విడివిడి దుస్తుల భత్యాలను కలిపి అధికారులకు ఏటా 20,000, జవాన్లకు 10,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు. బట్టలు కొనుక్కోవడం, కుట్టించుకోవడం ఎవరికి వారే.

ఇరాక్ యుద్ధంలో అమెరికా సైనికులు, వారి కుటుంబాలు సొంత డబ్బుతో తూటా ఆపే కవచాలు కొనడం పెద్ద వివాదమైంది. 2004లో అక్కడి చట్టసభ ఒక్కో వస్తువుకు 1,100 డాలర్ల వరకు తిరిగి చెల్లించేలా చట్టం చేసింది. డబ్బిచ్చాక ఆ కవచం ఏ పరిస్థితుల్లో ప్రభుత్వ ఆస్తి అవుతుందో తేల్చే పని ఆ చట్టంలోనే రక్షణ శాఖకు అప్పగించారు.