ఫిలిం ఖర్చు ఎవరిది?

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు వేమూరు చేరేలోపు జంపనిలో ఆగుతుంది. 2022 ఏప్రిల్ 4న ఈ ఊరు బాపట్ల జిల్లాలో కలిసింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. జిల్లా మారినా రోగుల దారి మారలేదు. ముందు తెనాలి, అక్కడ తేలకపోతే గుంటూరు పెద్దాసుపత్రి. ఆ దారిన పోయేవాళ్ల చేతిసంచిలో ఎప్పుడూ ఒక పెద్ద కవరు ఉంటుంది. అందులో స్కానింగ్ ఫిలిం.

ఆ ఫిలిం పుట్టుక వేరే చోట. హెచ్ఎంవీ గ్రామఫోన్ రికార్డులతో మనకూ తెలిసిన ఈఎంఐ కంపెనీలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు సీటీ స్కాన్ యంత్రం తయారుచేశాడు. 1971 అక్టోబరు 1న లండన్‌లో దానితో తొలి రోగి తలను స్కాన్ చేశారు. 1979లో హౌన్స్‌ఫీల్డ్ నోబెల్ బహుమతి అందుకున్నాడు. పాటల కంపెనీ మెదడు ఫొటోలు తీయడం ఇప్పటికీ విచిత్రంగానే ఉంటుంది.

ఇక ఖర్చు మాట. మన దగ్గర పేదవాడికి పెద్ద జబ్బు చేస్తే చాలాకాలం ఒకటే దిక్కు: ఎమ్మెల్యే ఉత్తరం, ముఖ్యమంత్రి సహాయ నిధి. 2004 మే నుంచి 2007 జూన్ వరకు ఆ నిధి నుంచి 55 వేలకు పైగా రోగులకు 168 కోట్ల రూపాయల పైచిలుకు వెళ్లింది. అలాంటి అర్జీల వరద చూసే వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. 2008 జులై 17 నాటికి రాష్ట్రమంతా వచ్చేసింది. అప్పట్లో తెల్ల కార్డు ఉంటే కుటుంబానికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు.

ఇందులో స్కాను స్థానం గమనించాలి. ఆపరేషన్‌కు ప్యాకేజీ ధర ఉంది, పరీక్షలు, మందులు, భోజనం అందులోనే. ఆసుపత్రివాళ్లు ఫిలిం, రిపోర్టు కంప్యూటర్లో ఎక్కిస్తే పథకం నడిపే ట్రస్టు డాక్టర్లు చూసి అనుమతి ఇస్తారు. అంటే ఇక్కడ స్కాను వైద్యం కాదు, వైద్యం అవసరమని చెప్పే సాక్షి. మరి పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రి గడప తొక్కక ముందే ఎవరో రాసిచ్చిన చీటీతో బయట తీయించుకున్న ఎమ్మారై సంగతి? పథకం నగదు రహితం, బయట కట్టిన డబ్బు తిరిగివ్వదు. అందుకే ఆ బిల్లు మామూలుగా రోగి నెత్తినే పడుతుంది.

2018 సెప్టెంబరులో వచ్చిన కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్‌దీ దాదాపు అదే తీరు. ఆసుపత్రిలో చేరకముందు మూడు రోజుల పరీక్షలు లెక్కలోకి వస్తాయి, ఉత్త ఓపీ రాదు.

పేర్లు మాత్రం బాగానే మారాయి: రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్లీ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. 2023 డిసెంబరులో పరిమితి 25 లక్షలకు పెరిగింది. ఆ 25 లక్షల గుమ్మం దాకా రావడానికి కావలసిన కొన్ని వేల రూపాయల ఫిలిమే చాలా ఇళ్లలో అప్పు తెస్తోంది. ఇది పథకంలోని పెద్ద లోటు.

అందుకే బయట స్కానింగుకు డబ్బు కట్టేముందు నెట్‌వర్క్ ఆసుపత్రిలో కూర్చునే పథకం సహాయకుడిని, అంటే ఆరోగ్యమిత్రను, ఒక్కసారి అడగండి, లేదా 104కు ఫోన్ చేయండి.