తవుడు నుండి గ్లూకోజు సీసా వరకు

ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించారంటే చాలు, ఇక బలం వచ్చేస్తుందని కోవిల్‌పట్టి, విరుదునగరం వైపు పెద్దవాళ్ళు అంటూ ఉంటారు. ఆ మాట సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే మన తెలుగువాళ్ళు తిన్న అన్నం చరిత్ర చూడాలి.

పూర్వం మద్రాసు రాజధానిలోని ఉత్తర సర్కారుల్లో బెరిబెరి అనే రోగం ఉండేది. కాళ్ళు తిమ్మిరెక్కి, ఒళ్ళు వాచి, చివరికి గుండె దెబ్బతినేది. సైనిక వైద్యుడు మాల్కంసన్ 1835లో మద్రాసులో దీని మీద ఒక పుస్తకమే అచ్చువేయించాడు. అసలు కారణం మాత్రం ఆ కాలానికి అందలేదు. పచ్చి బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టి తింటే తవుడుతో పాటు బి1 విటమిన్, అంటే థయమిన్, పోతుంది. ఉప్పుడు బియ్యంలో అలా కాదు. వడ్లను నానబెట్టి ఉడికించేటప్పుడే తవుడులోని సత్తువ గింజలోకి దిగుతుంది. మన కరిసల్ భూముల్లో పండే సజ్జలు, జొన్నల్లో కూడా ఈ విటమిన్ ఉంది.

నెల్లూరులో 1886లో మిషనరీల ఇంట పుట్టిన రాబర్ట్ విలియమ్స్, 1910లో మనీలాలో తవుడు సారంతో బెరిబెరి వచ్చిన పసిబిడ్డకు వైద్యం చేశాడు. ఆ సారంలో ఉన్నదేమిటో వెతుకుతూ 26 ఏళ్ళు గడిపి, 1936లో థయమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాడు. ఇక బెరిబెరి పని అయిపోయిందని లోకం అనుకుంది.

కానీ అది ఇంకో దారిలో వచ్చింది. నోటితో తినలేని రోగులకు రక్తనాళం ద్వారా పూర్తి ఆహారం ఇవ్వవచ్చని 1960ల చివర్లో అమెరికా వైద్యుడు స్టాన్లీ డడ్రిక్ చూపించాడు. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. అయితే ఆ ఆహారంలో గ్లూకోజు ఎక్కువ. గ్లూకోజు ఒంట్లో శక్తిగా మారాలంటే థయమిన్ కావాలి. అది లేకపోతే లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది. ఒంట్లో ఉండే నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. అమెరికాలో విటమిన్ ఇంజెక్షన్ల కొరత వచ్చినప్పుడు, థయమిన్ లేని ఇలాంటి ఆహారం ఎక్కించిన ముగ్గురు చనిపోయారని 1989లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. 1997లో మళ్ళీ అదే కొరత, మళ్ళీ అదే జబ్బు.

చూశారా, అప్పుడు తవుడు తీసేసిన అన్నం, ఇప్పుడు విటమిన్ కలపని సీసా. తప్పు ఒక్కటే. రోజుల తరబడి తిండి లేనివారికి, వాంతులతో నీరసించినవారికి గ్లూకోజు కంటే ముందుగానో, దానితో పాటుగానో థయమిన్ ఇవ్వాలని వైద్యశాస్త్రం చెబుతుంది. అందుకే మన ఇంట్లోవాళ్ళు చాలా రోజులు సీసాల మీదే ఉంటే, "డాక్టరుగారూ, విటమిన్ కూడా ఇస్తున్నారా అండి?" అని అడుగుదాం. అడగడంలో తప్పులేదు.