రూకీ ఆఫ్ ది ఇయర్ (ఎన్‌బీఏ)

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఏటా ఉత్తమ కొత్త ఆటగాడికి ఇచ్చే పురస్కారం. 1952–53 సీజన్‌తో మొదలైంది. తొలి విజేత ఫోర్ట్ వేన్ పిస్టన్స్ ఆటగాడు డాన్ మైనకీ. 2022–23 నుంచి ట్రోఫీకి విల్ట్ చాంబర్లేన్ పేరు పెట్టారు.

అర్హతకు వయసు గానీ, డ్రాఫ్టులో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియ) ఎంపికైన ఏడాది గానీ కొలమానం కాదు. అంతకుముందు ఎన్‌బీఏ రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడి ఉండకూడదు, అంతే. వివాదమంతా ఇక్కడే. 2016 డ్రాఫ్టులో మొదటి ఎంపికైన బెన్ సిమన్స్ పాదం గాయంతో ఏడాదంతా కూర్చుని, 2017–18లో పురస్కారం గెలిచాడు. జట్టుతో ఏడాది గడిపినవాడు కొత్తవాడెలా అవుతాడన్నది పురస్కారానికి అతనితో పోటీపడ్డ డోనవన్ మిచెల్ అభ్యంతరం. ‘రూకీ’ నిర్వచనం అచ్చేసిన హుడీ తొడుక్కుని మరీ చురక వేశాడు. వాదనలో పస లేకపోలేదు గానీ, నియమం సిమన్స్ పక్షమే. బ్లేక్ గ్రిఫిన్ కూడా అలాగే ఏడాది ఆలస్యంగా 2010–11లో గెలిచాడు.

విదేశీ లీగుల అనుభవమూ అడ్డుకాదు. 1986లోనే డ్రాఫ్టయిన లిథువేనియా దిగ్గజం అర్విదాస్ సబోనిస్ 1995–96లో, ముప్ఫై దాటాక, రూకీగా బరిలో దిగాడు. యూరోలీగ్ అత్యుత్తమ ఆటగాడిగా వచ్చిన లూకా డాంచిచ్ 2018–19లో విజేత.

2023–24లో ప్రధాన పురస్కారాలకు పెట్టిన, కనీసం 65 మ్యాచ్‌లు ఆడాలన్న నిబంధన ఈ పురస్కారానికి వర్తించదు.