అన్నం చుట్టూ తిరిగిన పథ్యం

కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో ఎవరికి షుగరు బయటపడినా ముందు వినిపించే మాట, రాత్రి అన్నం మానేసి చపాతీ తినమని. వరి మధ్య పుట్టి పెరిగిన మనిషికి ఈ మాట దిగమింగడం ఎంత కష్టమో ఆ ఇంటివాళ్లకే తెలుసు. అసలు వరి కంచాన్నంతా ఎలా ఆక్రమించిందో ముందు చూడాలి.

షుగరును పోలిన ప్రమేహ రోగికి యవల (బార్లీ) వంటకాలు పెట్టమంది చరక సంహిత. గోదావరి పాయల నడుమ యవలెక్కడివి? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద క్రమంగా సార్వాకు (ఖరీఫ్) వరే, దాళ్వాకు (రబీ) వరే అయింది. చోళ్లు, జొన్నలు మెట్టకే మిగిలాయి. రోకలితో దంచిన బియ్యానికి కాస్త తవుడు అంటి ఉండేది. మరలొచ్చాక అదీ పోయింది.

తెల్లబియ్యం చేటు మొదట కనిపించింది షుగరుగా కాదు, తవుడుతో పాటు పోయే విటమిన్ లోటు వల్ల వచ్చే బెరిబెరిగా. ఉత్తర సర్కారు జిల్లాలకు అది పాత జబ్బే. 1835లోనే మాల్కమ్‌సన్ అనే వైద్యుడు దానిమీద గ్రంథం రాశాడు. 1918లో కూనూరులో మెక్కారిసన్ అనే వైద్యుడు ఒక్క గదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధన పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు చేరి, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. కూనూరులోనే 1937లో అక్కడి పరిశోధకుడు ఎక్రాయిడ్ మన తిండి పదార్థాల పోషక విలువల పట్టిక వెలువరించాడు. కందలో పిండిపదార్థమెంత, కందిపప్పులో మాంసకృత్తులెంత అని చూసి పథ్యం రాసే వీలు దానితో కలిగింది. నా దృష్టిలో ఇన్సులిన్ తర్వాత షుగరు రోగికి దక్కిన పెద్ద సాయం ఆ పట్టికే.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఎన్నో కడుపులు నింపిన పథకమది, దాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ తర్వాతి ఏళ్లలో యంత్రాలొచ్చి కాయకష్టం తగ్గింది, అన్నం కొలత తగ్గలేదు. 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనం గోదావరి పల్లెల్లో 30 ఏళ్లు పైబడినవారిలో దాదాపు 13 శాతం మందికి మధుమేహం ఉందని తేల్చింది. ఇది పట్నం జబ్బన్న మాట అక్కడితో చెల్లింది.

అన్ని బియ్యాలూ ఒకటి కావు. తిండి రక్తంలో చక్కెరను ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచీ 1981లో వచ్చింది. 2012లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 235 రకాలను పరిశీలిస్తే ఆ సూచీ 48 నుంచి 92 దాకా ఉంది. తక్కువగా ఉన్నవాటిలో స్వర్ణ ఒకటి. ఆ స్వర్ణ పుట్టింది గోదావరి పాయ వశిష్ఠకు అవతల, మార్టేరు పరిశోధన కేంద్రంలో! మన దాళ్వాలో పండే బొండాల రకం వడ్లేమో ఉప్పుడు బియ్యమై కేరళకు పోతాయి. ఉడకబెట్టి ఆరబెట్టిన ఆ బియ్యం చక్కెరను సాధారణంగా కాస్త నిదానంగా పెంచుతుంది.

గోధుమలోనూ ఎక్కువ ఉండేది పిండిపదార్థమే కాబట్టి నాలుగు చపాతీలతో ఒరిగేదేమీ లేదు. 2022లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం, కొత్తగా షుగరు వచ్చినవారు రోజు తినే కేలరీల్లో పిండిపదార్థాల వాటాను 49–54 శాతానికి తగ్గించి, మాంసకృత్తులను 20 శాతం దరిదాపులకు పెంచితే మేలు. కోనసీమ కంచంలో అయితే, అన్నం తగ్గించి పప్పు, చేప, గుడ్డు, బచ్చలి, పనసపొట్టు కూర పెంచడమన్నమాట. కొబ్బరి మాత్రం మితంగానే.

కొన్నేళ్ల కిందట వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన, అన్నం మాని కొవ్వులు తినే పథ్యం చూసి చాలామంది అన్నం ఒక్కసారిగా మానేశారు. ఇన్సులిన్, కొన్ని రకాల షుగరు మాత్రలు వాడేవారు అలా చేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందుకే అన్నం తగ్గించే ముందే డాక్టరుకు చెప్పి మందు మోతాదు సరిచేయించుకోవాలి.